అందించేవాడు

నలుగురు హీరోలు, ఇద్దరు హీరోయిన్లు,
పదకొండు పాటలు.
మా నాటకాన్ని సినిమా తీసేరు.
నరసాపురం హాల్లో మొదటాటకి
ఇస్త్రీ చొక్కాల్తో ఏడుగురం వెళ్ళేం.
కంపెనీలో మిగిలింది ఏడుగురమే.
హార్మనీ కొండలరావు కళ్ళజోడు మర్చిపోయి
"వింటే చాల్లే" అన్నాడు.

వినడానికే ఏమీ లేదు.
సంగీతం వాళ్ళు ఇంటికొచ్చి
రెండు గంటలు వాయించుకుని వెళ్ళేరు కొండలరావు చేత.
పేర్లు పడేటప్పుడు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటే
ఒక ముక్క వినిపించింది, దగ్గులా.

గోదారిని నీలంగా పోసేరు, శ్రావణమాసంలో!
ఆ నెల్లో మా నీళ్ళు బెల్లప్పాకం రంగని
లంకలో పాలుతాగే పిల్లాడికీ తెలుసు.
పడవవాడి భుజాలు జిమ్ములో పెరిగినవి,
తెడ్డు పట్టుకుంటే సాంబారు గరిటలా ఉంది.
పెద్ద హీరో వచ్చేడు, కాగితాలు ఎగిరేయి.
రెండో హీరో వచ్చేడు, కొంచెం తక్కువ.
నాలుగో ఆయన వచ్చేసరికి
ఊడ్చే అప్పాయమ్మ చీపురు పట్టుకుని
గుమ్మంలో నిలబడే ఉంది.

ఏటిగట్టు సీను కోసం ఓపిక పట్టేం.
మా రోజుల్లో దానికి
ఒక పెట్రోమాక్సు, ఒక పద్యం.
చివర రాగం తీస్తే
బళ్ళ కింద ఎడ్లు నెమరు ఆపేవి
(అబద్ధమే, కానీ నలభై ఏళ్ళు చెప్పేం).
మొగల్తూరులో ఐదు వన్స్ మోర్లకి తెల్లారిపోయింది,
హీరో చచ్చిపోయే సీను ఎండలో ఆడేం.

వీళ్ళు అక్కడ డాన్సు పెట్టేరు.
రెండొందల మంది, ఒకే రంగు పరికిణీలు,
పైనుంచి, కిందనుంచి, నీళ్ళలోంచి.
కొండలరావు నా మోచెయ్యి తట్టేడు,
"పద్యం అయిపోయిందా?"
"రాలేదింకా" అన్నాను.

నా పనేంటో మీకు చెప్పలేదు.
పక్కతెర చాటున పుస్తకం పట్టుకుని
మాట అందించేవాణ్ణి.
కళ్ళు చూడను, పెదాలు చూస్తాను.
వణికితే ఒక మాట పోయిందని,
తడి చేసుకుంటే పాదమే పోయిందని.

డాన్సు వెనక, జనంలో,
ఎడమ చివర, మూడో వరసలో
పెదాలు కదుల్తున్నాయి.
పాటకి కాదు.

కుడుపూడి వరాలు!
చించినాడ రేవులో షూటింగంటే
రోజుకి ఆరొందలూ బిర్యానీ పొట్లమూ అని వెళ్ళిందట.
గట్టు మీద పిల్ల వేషం
ఇరవై రెండేళ్ళు వేసిన మనిషి.
వాళ్ళు అడగలేదు, ఈవిడ చెప్పలేదు.
నిలబడమన్నచోట నిలబడి
స్పీకర్లు అరుస్తుంటే తనపాటికి తను.
ఆ మూల మూడుసార్లు కనపడింది,
సారికో పాదం:

    రేవు నిండెను చీకటి, రేయి వచ్చె,
    పడవవాడ! నీ పిలుపేది? పాట యేది?
    తెడ్డు చప్పుడు వినరాదు, తెల్లవార

తరవాత పెద్ద హీరో బూట్లు.
బూట్లే, చాలాసేపు.

నాలుగో పాదం నేనందించేను,
నాకు తెలీకుండానే,
ఆ పాత గొంతుతో: ముందు వరసకి వినపడకుండా,
ఆవిడకి మాత్రం వినపడేటట్టు.
సాధన తప్పింది కాబోలు,
ముందు సీటు కుర్రాడు తిరిగి
"తాతా, సైలెంటు" అన్నాడు.

మర్నాడూ వెళ్ళేను. ఆ మర్నాడూ.
సినిమాకి చెవులుండవు,
మళ్ళీ టిక్కెట్టు కొనుక్కోవడమే వన్స్ మోర్.
నాలుగోరోజు పోస్టరు మీద వేరే పోస్టరు అంటించేసేరు,
జిగురు ఇంకా కారుతోంది.

ఆఖరి పంటు మీద సఖినేటిపల్లి వస్తుంటే
చీటీలు చింపే కుర్రాడు
చిల్లర వెతుకుతూ అడిగేడు,
"మీ నాటకమంట గదండీ, ఎలా ఉందేటి?"

పెదాలు తడి చేసుకున్నాను.
ఇంజిను చప్పుడు. కింద నీళ్ళు.

    ఏరు నన్నడిగిన నేమి యింక చెప్ప?