మొప్పలెత్తి చూశాను

ఫుసేనీ, నీ గాజుపెట్టెలో
ఆ ఫోను పడుకున్న తీరు చూస్తే
నిన్నటి సరుకుని ఐసు మీద సర్దినట్టుంది.
నాకు తెలీని విద్యా అది?
ముప్పై ఏళ్లుగా చోర్‌కోర్ ఒడ్డున చేపలమ్ముతున్నాను.
కొనడానికొచ్చినవాడు ముందు కన్ను చూస్తాడు,
వేలితో నొక్కి, కండ తిరిగి లేస్తుందా అని చూస్తాడు,
మొప్ప ఎత్తి ఎరుపు వెతుకుతాడు.
ఇవాళ ఆ వంతు నాది.

మూలన గీత ఉంది. ఉండనీ,
పొలుసు ఊడిన చోటనుకుంటాను.
బ్యాటరీ ఎనభైమూడు శాతం అంటున్నావు,
మిగతా పదిహేడూ ఎవరు తిన్నారు?
నవ్వకు, నిజంగానే అడుగుతున్నాను.
ఏ చలిదేశంలోనో ఎవరో
పక్కమీద దొర్లుతూ, బస్సు కోసం నిలబడి,
కొంచెం కొంచెంగా కొరుక్కు తినుంటారు.
పర్లేదు,
అందరూ తిని వదిలేసిన తలకాయలోనే
పులుసుకి రుచి.

నా పాతది ఉప్పునీళ్ల గంపలో పడి చచ్చింది.
మూడు రోజులు బియ్యంలో పూడ్చిపెట్టాను.
ఆ బియ్యం వండుకు తిన్నాం గానీ
ఫోను లేవలేదు.
కుమాసి బేరగాళ్లు ఇప్పుడు నోట్లు పంపరు,
డబ్బంతా ఫోన్లోకే వస్తుంది.
ఫోను లేని దేదేయ్‌కి
వారం నుంచి ఒక్క పైసా రాలేదు.

అవతల రోడ్డు మీద చల్లటి కొట్లో
ఇదే ఫోను, కొత్తది, నాలుగువేల మూడువందల సెడీలు.
టై కట్టుకున్న కుర్రాడు
అద్దం మీది పల్చటి కాగితాన్ని ఒలిచి చూపించాడు,
కాలిన చర్మం ఊడదీసినంత మెల్లగా.
ఈ కాగితం ఖరీదెంత బాబూ, అన్నాను.
వాడికి అర్థం కాలేదు.

నువ్వు పద్దెనిమిది వందలన్నావు.
నేను పదమూడన్నాను.
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నావు,
దేవుణ్ణి తలిచావు,
పెళ్లికి ఎదిగిన ఆరుగురు చెల్లెళ్లని తలిచావు.
పోయిన నెల నలుగురే కదయ్యా!
పద్నాలుగున్నర దగ్గర ఇద్దరం ఆయాసపడి ఆగాం.

మిగిలేది రెండువేల ఎనిమిదివందల యాభై.
వేలి కణుపుల మీద ఎప్పుడో ఖర్చుపెట్టేశాను:
పొగపొయ్యికి కొత్త జల్లెళ్లు రెండు,
కట్టెల తావియా బాకీ, సగమే,
పూర్తిగా తీరిస్తే నా గుమ్మం తొక్కడు మరి.
కొంత పాలడబ్బాలో.
ఎంతో నీకెందుకు.

పాతదని చిన్నచూపు లేదు నాకు.
పొద్దెక్కేదాకా అమ్ముడుకాని చేపని ఏం చేస్తాం?
కడిగి, వంచి, తోక నోట కరిపించి
పొయ్యి మీదికెక్కిస్తాం.
తెల్లారేసరికి రాగిరంగు తిరిగి
సముద్రం మొహం చూడని ఊళ్లకి బయల్దేరుతుంది.
దాన్ని పాత చేప అని ఎవరంటారు?
నీ బల్ల మీద బుస్సుమనే ఆ వేడిగాలి గొట్టం
అదీ ఒక పొయ్యే కదా.

కానీ ఫుసేనీ,
కుళ్లిపోయినదానికీ పొగ పెట్టొచ్చు.
పొగకి వాసన మింగే గుణముంది.
వానలు ఆగని ఒక ఏడాది, ఇంట్లో జ్వరాలు,
నేనూ ఒక గంప అలాగే...
ఆ సంగతి ఇప్పుడెందుకు.
విప్పు. నా ముందే విప్పు.

గోరంత మరలు రెండూ ఊడదీసి
వెనక పలక లేపావు.
లోపల అంతా శుభ్రం, ఎరుపంత నిజం.
బ్యాటరీ అంచున మాత్రం
ఒక పొట్టి వెంట్రుక, ఎండుగడ్డి రంగు.
దీపం కిందికి వంగి చూసి
మనిషిది కాదమ్మా, కుక్కది, అన్నావు.

ఎవరి ఒళ్లో పడుకునేదో.
దాని ఫొటోలు ఎన్ని ఉండేవో ఇందులో,
అన్నీ తుడిచేశారు,
ఇదొక్కటే ఎవరి చేతికీ దొరకలేదు.

ఉఫ్‌మని ఊదబోయావు.
ఆగు, అన్నాను.
ఎందుకన్నానో నాకూ తెలీదు,
అందుకే వెంటనే
ఇది ఉంటే యాభై తగ్గించాలి, అన్నాను.

నువ్వు నన్ను చూశావు, వెంట్రుకని చూశావు.
ఊదలేదు.
యాభై తగ్గించి
మూత బిగించావు.