కాటా మీద మోటారుగాడు

మందు మోతాదుకి బరువు కావాలన్నారు డాక్టరు గారు.
కుక్కల్ని తూచే కాటా ఆ ఆసుపత్రిలో లేదు.
అక్కడికొచ్చేవన్నీ గేదెలూ దూడలూ,
వాటిని కంటితోనే తూస్తారు.
ఇంటికి తెచ్చి రొయ్యల కాటా మీదే పెట్టాం వీణ్ణి,
నీలం ట్రేలో గోనె పరిచి.
ట్రే బరువు తీసేసి ఏసుపాదం చెప్పాడు:
"పదకొండున్నర, ఆయ్."
పోయిన శీతాకాలం పద్దెనిమిది.
తరుగు రాసే అలవాటు చేతికి.
ఆరున్నర అని పుస్తకంలో వేసి
ఎవరి ఖాతాలో వేయాలో తెలీక పెన్ను మూశాను.

మోటారని పేరు ఊరికే రాలేదు.
చెరువు గట్టున ఏరియేటర్ల పక్కనే పెరిగాడు.
అర్ధరాత్రి కరెంటు పోయి రెక్కలు ఆగితే
లేచి మొరిగేవాడు.
చప్పుడుకి మొరిగే కుక్కలు ప్రతి లంకలోనూ ఉన్నాయి.
చప్పుడు ఆగినందుకు మొరిగింది వీడొక్కడే.

ఇప్పుడు పద్నాలుగేళ్ళు. చెవులు పోయాయి.
కిడ్నీలు కూడా, అన్నారు నరసాపురంలో రక్తం చూసినాయన.
పంటు మీద ఇద్దరం దాటాం, టిక్కెట్టు నాకొక్కదానికే.
"కుక్కకా ఇంత ఖర్చు?" అన్నాడు రేవులో ఎవరో.
తాతబ్బాయి మావయ్య మెల్లగా అన్నాడు:
"గట్టు చివర వదిలెయ్యమ్మా,
ఎలా పోవాలో వాటికి తెలుసు."
తెలుసేమో.
నాకే తెలీదు.

రెండు దారులు చెప్పారు డాక్టరు గారు.
రోజూ చర్మం కింద సెలైను, ఉప్పు లేని కూడు,
మూణ్ణెల్లో, అదృష్టముంటే ఆరో.
లేదా ఒక్క సూది, నిద్రలోకి.
చంపడం అని ఆవిడ అనలేదు, నేనూ అనలేదు.
ఆ మాట మా ఇద్దరి మధ్య బల్ల మీద
దూది పక్కన కూర్చునే ఉంది.
"బాగున్న రోజులెన్నో, బాగులేనివెన్నో
రాసి పట్టుకురండి" అన్నారు.

సోమవారం: గుడ్డు తిన్నాడు. కక్కాడు.
మంగళవారం: తోక ఊపాడు, నాకు కాదు, గట్టు మీది పీతకి.
బుధవారం: లేవలేదు. ఏసుపాదం ఎత్తుకెళ్ళి
కొబ్బరి మొదట్లో నిలబెడితే పోసుకుని,
సిగ్గుపడ్డట్టు మొహం తిప్పేసుకున్నాడు.
గురువారం: కాలవలో మోకాటి లోతున
గంటసేపు కదలకుండా నిలబడ్డాడు.
అది సుఖమా, ఒంటి మంటా?
ఏ గడిలో వేయను?

తెల్లమచ్చ తగిలిన ఏడు
టార్చి వెలుగులో నాలుగు రొయ్యల్ని తిప్పి చూసి
"రేపు కాదు, ఇప్పుడే దించండి వల" అన్నదాన్ని.
రెండెకరాల చెరువు, తెల్లారేసరికి ఖాళీ.
లక్షల ప్రాణాలు.
చెయ్యి వణకలేదు. ఆ పొద్దున్నే కాఫీ కూడా తాగాను.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
నాకే మెలకువొచ్చింది,
ఇన్నేళ్ళకి ఆ ఆగిపోవడం నాకూ వినపడుతోంది.
జనరేటరు వేసి వచ్చేసరికి
వీడు లేచి కూర్చుని ఉన్నాడు, చీకట్లోకి చూస్తూ.
మొరగలేదు.
గడ్డం నేలకి ఆన్చి,
అదురు తిరిగొచ్చిందో లేదో చూసుకుని
కళ్ళు మూసుకున్నాడు.

శుక్రవారం గడి ఇంకా ఖాళీ.
డాక్టరు గారు మళ్ళీ బుధవారం గాని రారు.
సూది గుచ్చడం నేర్పి పంపారు,
మెడ వెనక తోలు గుడారంలా ఎత్తి.
సీసా చల్లగా ఉంటే ఉలిక్కిపడతాడని
ఒళ్ళో పెట్టుకుని వెచ్చబెడుతున్నాను.