నలభై సెకన్లు

తీగ తెంపమని నేనే చెప్పినా.
"నెలనెలా మూన్నూర్లు యాడ తెచ్చేది మామా,
ఫోన్లోనే అన్నీ వస్తాండాయి" అంటే
మౌలాలి ఏమీ అనలేదు.
మిద్దె ఎక్కి నల్ల వైరును
బాయిలోంచి చేంతాడు చేదినట్టు
చుట్టలు చుట్టలుగా లాగి, మోచేతికి తగిలించుకుని
"పాత బాకీ యాభై ఉండాది, చూసి ఇయ్యిలే" అన్నాడు.
గోడకు తొర్ర మిగిలింది.
ఇప్పుడు దాంట్లోంచి చీమలొస్తాండాయి, లైవ్‌గా.

బళ్లారి హాస్టల్లో ఉండే మా అక్క కొడుకు శరణప్ప
పాస్‌వర్డు చెప్పినాడు:
వాళ్లింటి కోడె పేరు, దాని తోకకు నాలుగంకెలు.
టీవీ వెనకాల వేలెడంత పుల్ల గుచ్చి
ఫోన్‌ను కిటికీ ఊచల నడుమ నిలబెడితే
ఆదోనిలో, మా ఒంటి గది ఇంట్లో, కుట్టుమిషను పక్కన
మూడొందల ఛానళ్లు!
మూలన ఎర్రచుక్క, "ఇది ఇప్పుడే జరుగుతాంది" అని.

నమ్మినా.

ఆ రాత్రి ఆఖరి ఓవరు, పన్నెండు కావాల.
బౌలరింకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటాండాడు.
గోడవతల ఉరుకుందమ్మ ఇంట్లో ఈలలు, పళ్లెం మోత,
చిన్నోడు మంచం మీదనుంచి దూకిన చప్పుడు.
గెలిచేసినాము.
పాపం, మా ఇంట్లో బౌలర్‌కు ఇంకా తెలీదు.
పరుగు మొదలుపెట్టినాడు.

వాచీ పెట్టి లెక్కేసినా. నలభై సెకన్లు.
ఒక చొక్కా గుండీ కుట్టి దారం కొరికేసేంత సేపు.
ఆమెది కేబుల్, నాది గాలి.
ఆమె నవ్వు నాకు ముందొస్తాది,
ఎందుకు నవ్విందో తర్వాతొస్తాది.
సీరియల్లో అత్త చెయ్యెత్తకముందే
గోడవతల "అయ్యో, కొట్టేసెనే!" అంటాది.
నేను ఆ చెంపకేసి చూస్తా కూర్చుంటా.

ఒక్కోసారి బొమ్మ నిలిచిపోయి
నడిమధ్య చక్రం తిరుగుతాది, గానుగెద్దు మాదిరి.
ఇంకోసారి తెరంతా నల్లబడి
"ఈ ఖాతాలో వేరొకరు చూస్తున్నారు" అంటాది.
వేరొకరెవరు, శరణప్పే.
అంటే పరీక్ష అయిపోయింది, జొరం తగ్గింది,
మెస్సులో ఇంత తిని పండుకున్నాడు.
వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్తా:
"నీ కొడుకు బాగుండాడు, నన్ను బయటికి తోసినాడు."

మూడొందల్లో లేనిది ఒకటే,
మౌలాలి వాళ్ల లోకల్ ఛానల్.
పాత పాటల కింద పాకే అక్షరాలు:
"ఎనిమిదో వార్డుకు తెల్లారి నాలుగింటికి నీలు"
"మేక తప్పిపోయినది ఎడమ చెవి చీలిక"
"పత్తి మార్కెటుకు రేపు సెలవ"
టైపు కొట్టేది మౌలాలే, వత్తులన్నీ మింగేసేవాడు.
నవ్వుకునేవాళ్లం.

మొన్న నీళ్లు వచ్చినాయి, పోయినాయి.
వారానికొకసారి వచ్చేవి.
నేను పండుకోనుండా, బిందెలు బోర్లించి ఉండాయి.
ఉరుకుందమ్మ గోడ మీదుగా రెండు బిందెలందించి
"టీవీలో వేసినారు గదప్పా" అనింది.
నా టీవీలో ఆ పొద్దు
ఏదో దేశంలో మంచు పడతాండె. లైవ్.

సాయంత్రం ఒగ్గాణి బండి కాడ కనపడినాడు.
మోపెడ్ మీద వైరు చుట్టలు, ఎవరింటివో మరి.
యాభై చేతిలో పెడితే
దానికి మిరపకాయ బజ్జీలు తెప్పించి
నా ముందరే సగం పెట్టినాడు.
"మా ఇంట్లో కూడా పిల్లోళ్లు
ఫోన్లోనే చూస్తాండారు లేప్పా" అన్నాడు, బజ్జీకి చెప్తున్నట్టు.

కారం దిగినాక అడిగినా:
"మామా, నీళ్లెప్పుడు?"

"బేస్తవారం. నాలుగింటికి."
నోట్లోంచి నేరుగా వచ్చింది, చక్రం తిరగలేదు.
మోపెడ్ తన్నినాక వెనక్కి తిరిగి అన్నాడు,
"కరెంటుంటే."