ఎర్ర సిరా

మూడు సమావేశాలకూ ఆ గడి ఖాళీ.
కెజియా, ఏడో తరగతి, బి సెక్షన్.
తల్లి దీనమ్మ. తండ్రి పేరు దగ్గర చిన్న గీత.
చీటీ రాసి పంపాను, వాట్సాప్‌లో పెట్టాను,
ప్రార్థనప్పుడు మైకులో రెండుసార్లు చెప్పాను.
నా ఎదుట వేసిన ప్లాస్టిక్ కుర్చీలో
మధ్యాహ్నం దాకా ఎండ ఒక్కటే కూర్చుని వెళ్ళింది.
రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను:
"ఇంట్లో శ్రద్ధ లేదు."
అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. నా దస్తూరీ బాగుంటుంది.

నాలుగోసారి నేనే వెళ్ళాను.
ఏటుకూరు రోడ్డులో, కోల్డ్ స్టోరేజీల వెనక రేకుల షెడ్డు.
గుమ్మం చేరకముందే గొంతు పట్టేసింది.
దగ్గు, తుమ్ము, మళ్ళీ దగ్గు.
నలభైమంది ఆడవాళ్ళు
మూతికి కట్టిన గుడ్డల పైనుంచి
కళ్ళతోనే నవ్వారు.
"టీచరుగారికి మంచినీళ్ళియ్యండే!"

దీనమ్మ లేవలేదు.
లేస్తే చెయ్యి ఆగుద్ది, చెయ్యి ఆగితే కిలో ఆగుద్ది.
గోనెపట్టా నావైపు జరిపింది.
ఊరికే కూర్చోలేక నేనూ ఒక కాయ తీసుకున్నాను.
తొడిమ ఒక్కటే గిల్లాలి,
కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు.
నావి చిట్లాయి.
ఆమె మాట్లాడకుండా వాటిని ఏరి
తాలు కుప్పలో పడేసింది.

మార్కుల సంగతి ఎత్తాను.
ఆమె అడిగింది వేరే.
"బళ్ళో మా పిల్ల ఎవరి పక్కన కూచుంటదండీ?"
గుర్తు రాలేదు.
"గుడ్డు పెట్టిన రోజు
సగం తమ్ముడికని దాస్తదంట, నిజమేనా?"
తెలియదు.
"లెక్కలప్పుడు గోళ్ళు కొరుకుద్ది, అప్పుడు అరవమాకండి.
రాక కాదు, వచ్చి చెప్పలేక కొరుకుద్ది."
ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
తలొంచుకుని తొడిమలు తీశాను.

"ఇంట్లో చదువు చూస్తారా?"
నోటికి అలవాటైన ప్రశ్న, దానంతటదే వచ్చేసింది.
"రోజూనండీ. అది పైకి చదువుద్ది,
నేను చేతులు వెనక్కి పెట్టుకుని వింటా.
పుస్తకం ముట్టుకోను.
ఎంత తోమినా ఈ ఘాటు పోదు.
పేజీకంటి, పిల్ల కళ్ళు నలుపుకుంటే?
మొన్న తెలుగు పాఠంలో ఒక లైను ఎగ్గొట్టింది, పట్టుకున్నా."
"మీకు చదవడం వచ్చా?"
"రాదు. ముందురోజు చదివినప్పుడు
ఆ లైను ఉంది కదండీ."

కళ్ళు నిండాయి, ఘాటుకే అనుకోండి.
చెయ్యి ఎత్తబోయాను.
"తుడుచుకోమాకండి!"
నలభై గొంతులు ఒక్కసారే.
"నీళ్ళు పోస్తే ఇంకా మండుద్ది, ఇంటికెళ్ళి మజ్జిగలో ముంచండి."
ఆ రాత్రి గిన్నెడు మజ్జిగలో
వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.
మర్నాడు సుద్దముక్క పట్టుకోలేకపోతే
అడక్కుండానే లేచొచ్చి, కెజియా బోర్డు మీద తేదీ రాసింది.
దాని పక్కన కూర్చునేది పర్వీన్.

తరవాతి సమావేశం షెడ్డులోనే పెట్టాను,
రాత్రి ఏడింటికి, కాటా వేశాక.
పదకొండుమందే ఆగారు. మేస్త్రి విసుక్కున్నాడు.
ఫొటో యాప్‌లో ఎక్కిస్తే
హెడ్మాస్టరుగారు తిప్పి పంపారు:
"ముఖాలు కనపడటం లేదు మేడమ్."
నాకు కనపడుతున్నాయి సార్, అన్నాను.
ఎర్ర సిరా మాట కొట్టేశాను గానీ
దాని పైన ఏం రాయాలో ఇంకా తేలలేదు.

నిన్న ఇంటిపని పుస్తకాలు దిద్దుతున్నాను.
కెజియాది తెరవగానే తుమ్ము.
మళ్ళీ తుమ్ము.
వెతికాను.
పేజీ కింద, కుడి మూల,
ఎవరో వేలు ఆనించి వెంటనే తీసేసిన చోట
లేత ఎరుపు.