ఇనుము, యాభై ఆరు

జ్ఞానాపురంలో నా గది కిటికీ గట్టు మీద
రోజూ తెల్లారేసరికి ఇనుము ఉంటుంది.
వేలితో గీస్తే ఎర్రగా అంటుకుంటుంది.
రేవులో రాత్రంతా ఓడకెత్తిన ఖనిజం
గాలి మళ్లితే మా వీధిలో కొంత దిగుమతి.

తడిగుడ్డతో తుడుస్తూ అప్పలకొండమ్మ అడుగుతుంది:
"నువ్వు సదివేది దీని గురించేనా ఏటమ్మా?"
దీని గురించే.
దీని లోపల, ఆ లోపలికీ లోపల.

ఇరవయ్యారు ప్రోటాన్లు, ముప్పై న్యూట్రాన్లు.
ఇరవై ఎనిమిది దగ్గర అర నిండుతుంది.
అంటే, ఒకవైపు రెండు ఖాళీలు
ఇంకోవైపు రెండు ఎక్కువ.
కథంతా ఆ నాలుగింటిదీ.
మిగిలినవి కదలవని అనుకుంటాం.
"అనుకోవడమేనమ్మా మోడల్ అంటే,"
అనేవారు దేవీరత్నం మేడమ్,
"కాకపోతే ఎంత అనుకున్నావో రాసి పెట్టుకో."

రాసి పెట్టుకున్నాను.
నేల మీంచి మొదటి మెట్టు
ఎనిమిది వందల నలభై ఏడు దగ్గరుండాలి.
కొలిచినవాళ్లు ఎప్పుడో కొలిచేశారు.
పైకెక్కినవి అక్కడ ఎంతోసేపు నిలవవు:
సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే
ఆరు ముక్కలు గడిచేలోగా సగం దిగిపోతాయి,
దిగుతూ ఒక్క గామా కిరణం విసిరి.
నా లెక్కలో ఆ మెట్టు వెయ్యి దాటింది.

కదలవనుకున్నవాటిని కదలనిచ్చాను.
నిండిన అరలోంచి ఒకటి, తర్వాత రెండు.
మాత్రిక వేల వరసల నుంచి లక్షలకు ఉబ్బింది.
చినవాల్తేరు గట్టు మీద మా డిపార్టుమెంటులో
పాత కంప్యూటరు పదకొండు రాత్రులు బుస కొట్టింది.
తొమ్మిదో రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో కిటికీ దగ్గర నిలబడ్డాను.
బెర్తు దొరక్క లంగరేసిన ఓడల దీపాలు
ఒకటి కింద, రెండు కాస్త పైన,
ఆపైన చాలా ఖాళీ.
పోలికలు పేపర్లో రాయొద్దని మేడమ్ మాట.
ఇక్కడ రాసుకుంటున్నాను.

పదకొండో తెల్లవారు: ఎనిమిది వందల అరవై ఒకటి.

ఇంటికెళ్లేసరికి అరుగు మీద ఎరుకునాయుడు గారు,
ముప్పై ఏళ్లు రేవు కాటా దగ్గర
లారీలు తూచిన మనిషి,
దగ్గు ఆగిన సందులో అడిగారు:
"వొచ్చిందా లెక్క?"
పద్నాలుగు తేడా వచ్చిందన్నాను.
"పద్నాలుగేటి?"
కిలో ఎలక్ట్రాన్ వోల్టులన్నాను.
ఆయన కిలో దగ్గరే ఆగిపోయారు.
"ఇనుముకి పద్నాలుగు కిలోలా!
నా కాటాలో పద్నాలుగు టన్నులకీ సంతకం ఎట్టేసినారమ్మా.
మా బాగుంది తూకం, పోయి పడుకో."

పైమెట్టు, స్పిన్ నాలుగుది,
అంతకుముందు బాగానే కుదిరింది,
ఈసారి నూట నలభై పక్కకు జరిగింది.
ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.
గట్టు మీద అప్పుడే మళ్లీ పలచగా ఎరుపు.
తుడవకుండానే పడుకున్నాను.