రెండు గీతలు

ఒంగోలులో మాజీ సైనికుల ఆస్పత్రి,
మెట్ల కింద గది, అదే నా ల్యాబు.
పొద్దున తొమ్మిదికే చీమకుర్తి బస్సు దిగి వచ్చారిద్దరూ.
హవల్దార్ యలమంద
గడ్డం నున్నగా గీసుకుని, బూట్లలో ఫ్యాను కనపడేట్టు పాలిష్ పట్టి
"గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాడు.
వెనక వెంగమ్మ.
ఒక చేతిలో గుడ్డసంచి, దాని మూతి మీద రెండో చెయ్యి.

క్వారీ కంపెనీకి కాగితం కావాలంట.
రాత్రి కాపలాకి తుపాకీ ఇచ్చేముందు
ఒంట్లో మత్తు లేదని కాగితం.

ఆయన డబ్బా తీసుకుని లోపలికి పోయాడు.
తలుపు పడగానే ఆమె నా బల్ల మీదికి వంగింది.
"ఎట్టైనా పట్టుకోమ్మా" అంది.

పద్నాలుగేళ్ళ నౌకరీలో
లేదని రాయమని కాళ్ళు పట్టుకున్నోళ్ళను చూశాను,
కొడుకు డబ్బాలో తన నీళ్ళు పోసిచ్చిన తండ్రిని చూశాను.
మొగుడు దొరికిపోవాలని
దణ్ణం పెట్టిన ఆడమనిషి ఈమే.

"ఇంటికొచ్చి మూడేళ్ళమ్మా.
నాలుగ్గంటలకు సైరన్ మోగి బండ పేలిందంటే
పళ్ళెం వదిలేసి గోడకి కరుచుకుంటాడు.
ఆ వేళకు తినటమే మానుకున్నాం.
రాత్రిళ్ళు ఏదో ఆకు తాగుతాడు.
గంజాయి గాదు, గంజాయైతే నాకు వాసన తెలుసు.
మొన్న పున్నానికి క్వారీ గుంట అంచున బోర్లా పడుకుని
కోసిపెట్టిన బండను చూపిస్తా ఉన్నాడు.
రాయిలో చుక్కలున్నాయి,
చుక్కల ఎనక మనుషులున్నారు,
ఎంగీ, తల దించు.
దించాను.
తెల్లారిందాకా దించే ఉన్నా.
అది గెలాక్సీ రాయమ్మా. అన్నిట్లో చుక్కలే ఉంటాయి."

పట్టీ ముంచాను.
ఐదు నిమిషాలు.
ఆయన బెంచీ మీద నిటారుగా కూచున్నాడు,
ఎడమ బొటనవేలు ఒక్కటే
ఎవరి మాటా వినకుండా కొట్టుకుంటోంది.
ముందొక గీత.
కాస్త ఆలస్యంగా, సన్నగా, రెండోది.

వెంగమ్మ మొహం విప్పారింది.
"రెండొచ్చినాయి! మా పిల్లకి నెల తప్పినప్పుడు
ఇట్టానే రెండొచ్చినాయి. ఉన్నట్టేగా?"

"ఇది వేరే పట్టీ అమ్మా.
దీంట్లో రెండంటే లేనట్టు."

గీతల్ని చూసింది. ఆయన్ని చూసింది.
"మత్తు లేకపోతే మరి
మనిషేడమ్మా?"

యలమంద బూట్లకి చెప్పినట్టు చెప్పాడు:
"యూనిట్లో పరీక్షలు మొదలైనప్పుడు
ఒక కుర్రోడు తెచ్చిచ్చాడు మేడమ్.
సార్, నిద్ర పడుతుంది, పట్టీకి దొరకదు అన్నాడు.
రెండూ నిజమే చెప్పాడు.
తర్వాత వాడే దొరికాడు,
స్నానాల గదిలో, కుళాయి తిప్పి ఉంది.
మంచోడు. బాగా పాడేవోడు."
ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

సంచిలోంచి తగరపు పొట్లం తీసి పెట్టింది వెంగమ్మ.
మీద తామరపువ్వు బొమ్మ. సాంబ్రాణి.
అడుగున చీమ తలంత అక్షరాల్లో
మనుషుల వాడకానికి కాదు.
విప్పితే ఎండిన తోటకూరలాంటి ఆకు,
కాలిన వైరు వాసన.

నా ఫారంలో పది గడులున్నాయి.
గంజాయికొకటి, నల్లమందుకొకటి, నిద్రమాత్రలకొకటి.
దీనికి లేదు.
ఆకు మీద నెలకో కొత్త మందు చల్లుతారట,
మనం గడి గీసేలోపు పేరు మార్చుకుంటుంది.

లేదు అని రాశాను. సంతకం పెట్టాను.
కాగితం మాత్రం చేతికివ్వలేదు,
డాక్టరు గారితో మాట్లాడాలి, కూచోండి అన్నాను.
ఆయన కోప్పడతాడనుకున్నా.
వాచీ చూసుకున్నాడు.
"పర్లేదు మేడమ్, నాలుగు దాటాకే బస్సెక్కుతాం.
కదా ఎంగీ?"

పొట్లాన్ని ఫ్రిజ్‌లో పెట్టాను, సీసాల పక్కన.
పేరు రాయకుండా ఏదీ లోపల ఉంచకూడదు,
అది రూలు.
దాని పేరు నాకు తెలీదు.
ఆయన పేరే రాశాను.