జూనో వాగు

బ్రైసన్ సిటీ లైబ్రరీలో, మెట్ల కింది గదిలో
పటాల సొరుగు లాగితే
ముందు పాత నస్యం డబ్బీ వాసన,
తర్వాత కొండలు.

పందొమ్మిది వందల ఆరు నాటిది.
గోధుమరంగు గీతలు బొటనవేలి ముద్రలా
ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతున్నాయి.
గీతలు దగ్గరపడ్డ చోట ఎక్కేవాడికి ఊపిరాడదు,
ఎడమైన చోట మొక్కజొన్న పండుతుంది.
ఈ సంగతి పటంలో రాసిలేదు,
వర్నా లెడ్‌బెటర్ గారు చెప్పారు.
ఎనభై మూడేళ్ళు. భూతద్దం తనే తెచ్చుకున్నారు.

ఆవగింజంత నల్ల చదరం ఇల్లు.
నెత్తిన సిలువుంటే చర్చి, జెండా ఉంటే బడి.
పెదాలతోనే లెక్కపెట్టారామె:
నలభై ఒక్క ఇళ్ళు, రెండు బళ్ళు,
తునకలు తునకలుగా ఒక కాలిబాట
కనుమ దాకా ఎక్కి, అక్కడ
సర్వేయరుకి పొద్దుగూకిందేమో, ఆగిపోయింది.

కింది సొరుగులో నలభై తొమ్మిదిది.
అదే కొండ. అవే గీతలు, ఇంకొంచెం నమ్మకంగా.
లోయ ఉండాల్సిన చోట నీలం.
ఆనకట్ట ఒక పొట్టి నల్లగీత,
పద్దులో కొట్టివేతంత.
ఇళ్ళు చెరిపినట్టు లేదు,
ఎన్నడూ గియ్యనట్టుంది.
సమాధులు మాత్రం గట్టుమీదికెక్కాయి;
బతికున్నవాళ్ళకంటే ముందు
వాటికే కొత్త చిరునామా దొరికింది.

ఆ తర్వాతి దాంట్లో దిద్దుబాట్లన్నీ ఊదారంగు.
విమానంలోంచి చూసి దిద్దారట,
ఎవరి చెప్పుకీ మట్టంటలేదు.

“ఇది చూశావా” అని ఆమె వేలు
చెరువులోకి దిగే సన్నటి వాగు దగ్గర నిలిచింది.
జూనో క్రీక్. మూడు పటాల్లోనూ ఉంది.
రోమను దేవత పేరని టూరిస్టుల కరపత్రంలో వేశారు.
ఆమె నవ్వారు, పళ్ళసెట్టు కదిలేలా.

మూడుకాళ్ళ బల్ల మోసుకొచ్చిన సర్వేయరు
గుమ్మంలో పిల్లనడిగాడట, దీని పేరేంటని.
ఆరేళ్ళ పిల్ల. అతని వేలెటుందో అటు చూసింది.
వాగులో వాళ్ళ కుక్క మునకలేస్తోంది.
“ఆ పిల్ల మా నాయనమ్మ.”

ఇల్లు నీళ్ళ కింద.
ఇంటిపేరు పెట్టిన కనుమకి ఒక అక్షరం జారి
ఇంకెవరిదో అయింది.
కుక్క పేరు మాత్రం ప్రభుత్వం వారి వాలు అక్షరాల్లో
ఒక్క తప్పూ లేకుండా.

సొరుగు మూయబోతే సగంలో ఇరుక్కుంది.
తేమకి ఎప్పుడూ ఇంతే.
ఆమె వంగి, భుజంతో నెమ్మదిగా నెట్టి,
చెక్క మీద రెండుసార్లు తట్టి,
“ఉండు” అన్నారు.